కూన అన్నదెవరు?

మొన్న ఆదివారం పొద్దున దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగుతున్నాను. కింద ఆటోల హారన్లు, చెప్పుల దుకాణాల వాళ్ళ కేకలు, వాటి మధ్య నుంచి సన్నగా కియ్యికియ్యిమనే గోల. మెట్ల పక్కన ఒకాయన వెదురుగంప పెట్టుకుని కోడిపిల్లలు అమ్ముతున్నాడు. గులాబీ రంగువి, ఆకుపచ్చవి, నీలంవి. రంగు వెయ్యకపోతే ఈ కాలం పిల్లలు కోడిపిల్లను కూడా కొనరు కాబోలు. దగ్గరికి వెళ్తే తడి తవుడు వాసన. గంప ముందు ఏడెనిమిదేళ్ళ పాప ఒకతె గొంతుక్కూచుని, "మమ్మీ, బేబీ బర్డ్‌ని తెలుగులో ఏమంటారు? హోంవర్క్‌లో ఉంది" అని అడిగింది. వాళ్ళమ్మ ఫోన్ తీసి దాన్నే అడిగింది. ఫోన్ "పక్షి పిల్ల" అంది. "రెండు మాటలు కాదు మమ్మీ, ఒక్కటే గీత ఇచ్చారు" అంది పాప. ఆమె కాసేపు ఆలోచించి, "కూన అని రాయి. కూన అంటారనుకుంటా" అని, సాక్ష్యం చెప్పమన్నట్టు గంపాయన వైపు చూసింది. ఆయన మాత్రం, "ఏ రంగుది ఇయ్యమంటరు మేడం?" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. దగ్గరికి వెళ్ళి, "మీ ఇంట్లో కూన అనే మాట ఎవరంటారమ్మా? అన్నప్పుడు వాళ్ళ చేతిలో ఏం పని ఉంది?" అని అడగాలనిపించింది. అడిగితే పిచ్చిదాన్ననుకునేది. ఈ పిచ్చి నాకు పుట్టుకతో వచ్చింది కాదు, కామేశం సార్ అంటించింది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయనను చూడని వాళ్ళకు ఆయన సంగతి చెప్పాలంటే ఈ ఒక్క మాట దగ్గరే మొదలుపెట్టాలి, ఎందుకంటే ఈ మాట దగ్గరే నేను ఆయనకు అబద్ధం చెప్పాను.

అవి తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న రోజులు. నేను ఎమ్మే తెలుగు, బీఈడీ పూర్తిచేసి, టీచరు ఉద్యోగం కోసం దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్‌కు పోతుండేదాన్ని. మాది నల్గొండ వైపు పల్లె. నాన్న సిటీ బస్సు డ్రైవరు కావడంతో చంపాపేట్‌లో కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. నోటిఫికేషన్ అదిగో ఇదిగో అంటూ ఏడాది గడిచింది. ఒకరోజు కోచింగ్ సెంటర్ గోడ మీద చేత్తో రాసిన కాగితం కనిపించింది. "తెలుగు తప్పుల్లేకుండా రాసేవారు కావాలి. కాళ్ళకు ఓపిక ఉండాలి" అని ఉంది దాని మీద. రాయడానికి కాళ్ళెందుకో అర్థం కాలేదు గానీ, ఊరికే ఇంట్లో కూర్చోవడం కన్నా నయమని వెళ్ళాను. గాజుల దుకాణం పైన రెండో అంతస్తులో ఒకే గది. గది నిండా ఖాళీ మిఠాయి డబ్బాలు. ఒక్కో డబ్బా మీద ఒక్కో అక్షరం, లోపల వందలకొద్దీ చీటీలు. ఎన్నేళ్ళు గడిచినా ఆ చీటీలకు నెయ్యి వాసన పోలేదు. ఆ డబ్బాల మధ్య తెల్లచొక్కా వేసుకుని, పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకుని చదువుతున్న పెద్దాయన కామేశం సార్.

కృష్ణా జిల్లా నుంచి ముప్ఫై ఏళ్ళ కిందట వచ్చి కొత్తపేటలో స్థిరపడిన మనిషి. ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. పిల్లల కోసం మాటల పుస్తకం ఒకటి తయారుచేస్తున్నారు. పేజీకి ఒక మాట, ఒక బొమ్మ, ఆ మాటకు అర్థం, ఆ మాటతో ఎవరో ఒక మనిషి నిజంగా అన్న ఒక వాక్యం. అంతే పుస్తకం. నా సర్టిఫికెట్లు ఆయన చూడనే లేదు. "నువ్వు ఏ మాట అనడానికి సిగ్గుపడతావమ్మాయ్?" అని అడిగారు. ఇదేం ప్రశ్న అనుకున్నాను. అయినా నోరు దానంతటదే చెప్పేసింది. డిగ్రీలో హాజరు పిలిచేటప్పుడు నేను తలుపు దగ్గర నిలబడి "ఒస్తున్న సార్" అంటే లెక్చరర్ నన్ను బోర్డు దగ్గరికి పిలిచి, "వస్తున్నాను" అని పదిసార్లు రాయించాడు. క్లాసంతా నవ్వింది. ఆ రోజు నుంచి నేను బయట ఒక భాష, ఇంట్లో ఒక భాష మాట్లాడుతున్నాను. సార్ అంతా విని, ఒక చీటీ తీసి "ఒస్తున్న" అని రాసుకున్నారు. దాని కింద నా పేరు, చంపాపేట్, దాని కింద "చున్నీ కొస మెలిపెడుతూ" అని రాశారు. కిందికి చూసుకుంటే నిజంగానే మెలిపెడుతున్నాను.

ఆయన పద్ధతి అది. ప్రతి చీటీ మీదా మాట, అన్న మనిషి పేరు, ఊరు ఉంటాయి. నాలుగో వరుసలో ఆ క్షణాన ఆ మనిషి చేతిలో ఉన్న పని. "ఖాళీగా కూర్చున్న మనిషిని మాట అడక్కూడదు మమతా. ఖాళీగా ఉన్నవాడు మనకు నచ్చే మాట చెబుతాడు. చేతిలో పనుంటే తన మాట చెబుతాడు" అనేవారు. నేను మొదట్లో దీన్ని చాదస్తం కిందే జమకట్టాను. ఎల్బీనగర్‌లో సలోమి అక్క దగ్గరికి వెళ్ళాకగానీ తెలిసిరాలేదు. సలోమి అక్క ఒక ప్రసూతి దవాఖానలో ఆయా. చర్చి పక్క గల్లీలో ఉండేది. గోరువెచ్చని నీళ్ళంటే ఏంటని ఆమెను చాయ్ తాగుతూ అడిగాను. ఆమె గొంతు సవరించుకుని, "ఎక్కువ వేడిగా ఉండకుండా, ఎక్కువ చల్లగా ఉండకుండా ఉండు నీరు" అని బడిపిల్లలా చెప్పింది. రాసుకుని వస్తే సార్ ఆ చీటీని పక్కన పడేశారు. మళ్ళీ పొమ్మన్నారు. ఈసారి ఆమె పక్కింటి పసిబిడ్డను కాళ్ళ మీద వేసుకుని స్నానం పోస్తోంది. బకెట్‌లో మోచేయి ముంచి చూసి, తనలో తాను అనుకున్నట్టు, "మోచెయ్యి ఊకున్నదంటే నీళ్ళు అయినట్టే" అంది. అడగకుండానే వచ్చిన ఆ మాటను అక్కడే నిలబడి చీటీ మీద రాసుకున్నాను.

ఇంకో నియమం కూడా ఉండేది. మాట పుస్తకంలోకి ఎక్కే ముందు, అన్న మనిషి దగ్గరికే వెళ్ళి దాన్ని చదివి వినిపించి, "ఇది మీరన్న మాటేనా?" అని అడగాలి. వారం తరవాత సార్ నాతో పాటు ఎల్బీనగర్ వచ్చి సలోమి అక్కకు ఆమె వాక్యం చదివారు. నేను రాసిన దాంట్లో "అయినట్లే" అని ఉంది. ఆమె సిగ్గుపడుతూనే, "అయినట్లే అన్లే సారూ, అయినట్టే అన్న" అంది. సార్ కొట్టేసి, ఆమె అన్నట్టే రాసి, లేచి నిలబడి దండం పెట్టారు. ఒక ఆయాకు ఒక పంతులు దండం పెట్టడం ఆమె ఎప్పుడూ చూసి ఉండదు. చెంగుతో చేతులు తుడుచుకుంటూ ఎటు చూడాలో తెలియక అట్లాగే నిలబడిపోయింది. బస్సులో వస్తూ, "మనిషి మాట తీసుకుంటున్నాం. అడక్కుండా తీసుకుంటే దాన్నేమంటారో నీకు తెలుసు" అన్నారాయన.

ఆయనకు ఒకటే ఆత్రం. కంటి నరం ఎండిపోతోందని డాక్టర్లు చెప్పారట. పక్కచూపు అప్పటికే పోయింది. గదిలో తిరుగుతూ డబ్బాలకు తగిలి, "ఎవరు పెట్టారిది ఇక్కడ?" అని తన మీద తనే విసుక్కునేవారు. ఎదురుగా ఉన్నది మాత్రం కనిపించేది. అది కూడా ఎన్నాళ్ళో ఎవరూ చెప్పలేదు. "పుస్తకం అచ్చయి వస్తే ఒక్కసారి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నా కళ్ళతో చూసుకుంటాను. తరవాత ఈ చూపు ఉన్నా ఒకటే, పోయినా ఒకటే" అనేవారు. ఆ మాటను ఆయన దిగులుగా అనేవారు కాదు. బస్సు టైముకు వస్తే చాలు అన్నట్టు అనేవారు.

ఆ ఏడాదే నేను ఆయనతో పోట్లాడాను. ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు జరిగింది. నడిరోడ్డు మీద రాళ్ళపొయ్యిలు పెట్టి, వందలమంది అన్నాలు వండి అక్కడే కూర్చుని తిన్నాం. పొగ వాసన కొడుతున్న బట్టలతోనే గదికి వచ్చి డబ్బాలు ముందేసుకుని కూర్చున్నాను. చూస్తే పది చీటీల్లో ఎనిమిది విజయవాడ, గుడివాడ, తెనాలి. మా వైపు మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. "సార్, ఇందులో మా మాట యాడుంది?" అన్నాను. ఆ గదిలో నా ఇంటి భాష అంత గట్టిగా రావడం అదే మొదలు. ఆయన కోపం తెచ్చుకుంటారనుకున్నాను. తెచ్చుకుంటే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి, "నా చెవి మా ఊళ్ళోనే ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళు ఇక్కడి నీళ్ళు తాగి ఇది చూసుకోలేదు, తప్పే. నువ్వు తీసుకురా. తెచ్చినవి తెచ్చినట్టు పెడదాం" అని ఖాళీ చీటీల కట్ట నా చేతిలో పెట్టారు. పోట్లాటకు వెళ్ళినదాన్ని పని మోసుకుంటూ బయటికి వచ్చాను.

ఆరు నెలలు తిరిగాను. కొత్తపేట రైతుబజారు, చంపాపేట్ కిరాణా దుకాణాలు, మా బంధువుల ఇళ్ళు. అరవై పైచిలుకు చీటీలు తెచ్చాను. మిగిలింది కూన ఒక్కటే. ఆ మాట మీద సార్‌కు ప్రత్యేకమైన ఇష్టం. నిఘంటువులో దానికి "పశుపక్ష్యాదుల శిశువు" అని ఉంటే, "ఈ అర్థం వింటే పిల్లలు పుస్తకం మూసి పారిపోతారు" అని నవ్వేవారు. "పిల్ల అంటే పెళ్ళీడుకొచ్చినా పిల్లే. కూన అట్లా కాదు. పిట్టకైనా, కుక్కకైనా, పులికైనా కూన అనేది కొన్నాళ్ళే. ఎన్నాళ్ళు? అది ఎవరైనా వాడుతుంటే వినాలి" అనేవారు. కాకిపిల్ల కాకికి ముద్దు అంటాం గానీ కాకికూన కాకికి ముద్దు అనమెందుకని నేనడిగితే, "తెలియదు. చీటీ మీద తెలియదు అని రాయి" అన్నారు. ముఖచిత్రం మీద కూననే వెయ్యాలని ఆయన కోరిక. పుస్తకానికి బొమ్మలు గీసే ఆయన ఆ ముఖచిత్రం కోసం గంటకోసారి ఫోన్ చేస్తున్నాడు.

మా నాయనమ్మ కోళ్ళు పెంచేది. చంపాపేట్‌లో మా ఇంటి వెనక కాస్త మట్టి జాగా ఉండేది. ఓనరు కూడా గుడ్లు ఇస్తే ఊరుకునేవాడు. ఆమెనే అడిగాను. "కూన అంటవా నాయినమ్మా?" అంటే, "కోడిపిల్ల అంటం. కూన గీన అనం" అని తేల్చేసింది. అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ రాలేదు. నాకు ఒళ్ళు మండింది. సార్ డబ్బాలో ఇంకో మాటకు గుడివాడ ఆవిడ ఎవరో అన్న వాక్యం ఒకటి ఉంది, ముచ్చటగా ఉంటుంది. దాని పక్కన మా నాయనమ్మ "అనం" అని పెడితే మా పరువేం కాను? రోడ్ల మీద మా భాషకు గౌరవం కావాలని గొంతు పోయేలా అరుస్తున్న రోజులవి. ఆ సాయంత్రం కూర్చుని నేనే రాశాను. "కూనకు రెక్కలు మొలిచేదాంక తల్లి రెక్కనే ఆకాశం." కింద నాయనమ్మ పేరు, చంపాపేట్. చేతిలో పని దగ్గర "కోళ్ళకు నూకలు చల్లుతూ" అని రాశాను.

సార్ దాన్ని ముక్కుకు ఆనించి రెండుసార్లు చదివారు. "మీ నాయనమ్మ గొప్ప మనిషమ్మాయ్" అన్నారు. నిజం చెప్పొద్దూ, నాకు గర్వంగానే ఉంది. ఆ మాట నాదే కదా. ముఖచిత్రం మీద బొమ్మ కింద అదే వాక్యం అని నిర్ణయమైపోయింది. ఆ తరవాత ఆయన చేతికర్ర తీసుకుని, "పద, ఆవిడకు వినిపించి వద్దాం" అన్నారు. నియమం సంగతి మరిచిపోయానంటే ఎవరూ నమ్మరు. మరిచిపోలేదు. ఇంటి మనిషే కదా, నేను చదివి వినిపించానంటే సరిపోతుందనుకున్నాను.

"నాయనమ్మకు జ్వరం సార్" అన్నాను. "అయితే పలకరించినట్టూ ఉంటుంది" అన్నారు. "ఇయ్యాల బంద్ సార్, బస్సుల్లేవు" అన్నాను. "కాళ్ళున్నాయిగా" అన్నారు. దుకాణాలన్నీ షట్టర్లు దించేసి ఉన్నాయి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి చంపాపేట్ దాకా అంత ఖాళీ రోడ్డు నేనెప్పుడూ చూడలేదు. ఆయన నా మోచేయి పట్టుకుని నడుస్తున్నారు. దారి పొడుగునా ఆ పుస్తకం ఏ బడికి ఏ పిల్ల చేతికి చేరుతుందో చెబుతూనే ఉన్నారు. ఆ గంటసేపట్లో చెప్పేయడానికి నాకు వంద సందులు దొరికాయి. ఒక్కదాంట్లోనూ నోరు రాలేదు.

నాయనమ్మ వెనక వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. జ్వరం ఛాయలు కూడా లేవు. "కూసోండ్రి సారూ" అని పీట జరిపింది. ఆయన కూర్చుని, చీటీ తీసి, వాక్యం నెమ్మదిగా చదివి, "అమ్మా, ఇది మీరన్న మాటేనా?" అని అడిగారు. నాయనమ్మ చెయ్యి ఆపకుండానే, "నేనా? నేనెప్పుడన్న గట్ల?" అంది. తరవాత కాస్త ఆలోచించి, "తల్లి రెక్క కింద ఆకాశం యాడ కనబడ్తది సారూ? ఆడ చీకటుంటది. చీకటుంటది గాబట్టే గద్దకు దొరకవు" అంది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. సార్ నా వైపు తిరగలేదు. చీటీని మడిచి జేబులో పెట్టుకుని, ఆమె కోళ్ళ గురించి, ఊరి గురించి ఏవో అడుగుతూ కూర్చున్నారు.

అప్పుడే ఓనరు మనవరాలు, నాలుగేళ్ళది, గంప ఎత్తి ఒక కోడిపిల్లను పిడికిట్లో పట్టుకుంది. నాయనమ్మ చింతపండు చేతులతోనే వంగి, "ఒత్తి పట్టకు బిడ్డా, ఇంకా కూన అది. నీ చెయ్యే దానికి బరువు" అంది. అని, మళ్ళీ తన గింజల్లో పడిపోయింది. కూన గీన అనం అన్న మనిషి, అన్నానన్న సంగతి కూడా తెలియకుండా అనేసింది. సార్ ముఖంలోకి వెలుగొచ్చింది. "మమతా, ఇప్పుడు ఆవిడ అన్నది రాసుకో" అన్నారు. కొత్త చీటీ మీద ఆమె అన్నది అన్నట్టే రాశాను. ఆయన దాన్ని తీసుకుని ఆమెకు చదివి అడిగారు. "అన్న. ఇప్పుడే గద అన్న. గిది గూడ రాస్తరా?" అని నాయనమ్మ విడ్డూరంగా నవ్వింది.

తిరుగుదారిలో నాకు ఏడుపు ఆగలేదు. ఎందుకు చేశావని ఆయన అడగకముందే చెప్పాను. మీ వాళ్ళ మాటల పక్కన మా మాట చిన్నబోకూడదని చేశాను సార్ అన్నాను. ఆయన చాలా దూరం నడిచాక, "మీ లెక్చరర్‌కు నీ మాట చాల్లేదు. నీకు మీ నాయనమ్మ మాట చాల్లేదు" అన్నారు. ఆయన చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. ఆ ఒక్కటే సార్, మిగతావన్నీ నిజంగా విన్నవే అని దేవుడి మీద ఒట్టేశాను. "నేను నిన్ను నమ్ముతానమ్మాయ్. పుస్తకం చదివే పిల్లకు నువ్వెవరో తెలియదు" అన్నారు.

నేను తెచ్చిన అరవై పైచిలుకు చీటీలూ మళ్ళీ మొదటి నుంచి చదివి వినిపించాలని తేల్చారు. ప్రతి మనిషి దగ్గరికీ ఇద్దరం కలిసి వెళ్ళాలి. ఒకరోజు బంద్, ఒకరోజు సమ్మె. వెళ్ళిన చోట కొందరు ఇళ్ళు మారారు, కొందరు ఊరికి వెళ్ళారు. వారంలో అయ్యే పని వానాకాలం దాటి చలికాలంలో పడింది. మిగతా చీటీలన్నీ నిజమైనవే అని తేలింది, నా ఒట్టు నిలబడింది. కానీ ఆ నెలల్లో సార్ చూపు దిగుతూ వచ్చింది. మొదట నా మోచేయి పట్టుకుని నడిచేవారు, తరవాత మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగేవారు, చివరికి చీటీలు నన్నే చదవమనేవారు. ఆయన ఒక్కసారి కూడా నీ వల్లే అనలేదు. నాకు మాత్రం తెలుసు, నేను ఆ ఒక్క వాక్యం అల్లకపోయి ఉంటే పుస్తకం ఆయన చూపు ఉండగానే వచ్చేది. అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. దీనికి ఓదార్పు ఏమీ లేదు.

పుస్తకం కట్టలు వచ్చిన రోజు ఆయనకు వెలుతురు, నీడ తప్ప ఏమీ తెలియడం లేదు. కొత్త సిరా వాసన పీల్చారు. కూన బొమ్మ ఒక్కటే వేయించిన అట్ట మీద అరచెయ్యి తిప్పారు. "చదువు" అన్నారు. కుర్చీ ఆయన పక్కకు లాక్కుని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. బొమ్మలు కూడా చెప్పమన్నారు. చీర ఏ రంగు, పిట్ట ఎటు చూస్తోంది, అన్నీ. సలోమి అక్క మోచేయి దగ్గర ఇద్దరం నవ్వుకున్నాం. కూన పేజీకి వచ్చాను. నోరు తెరిచి ఆగిపోయాను. "ఇంకా చిన్నారి కూన అది" అని ఉంది. కంపోజింగ్ చేసినవాళ్ళెవరికో ఉత్త కూన బోసిగా అనిపించినట్టుంది, ముందు ఒక చిన్నారి చేర్చారు. నాయనమ్మ ఆ మాట అనలేదు. ఆఖరి ప్రూఫు చూసింది నేనే. చూసి సంతకం పెట్టింది నేనే.

ఆయనకు కనబడదు. నాయనమ్మ అన్నట్టే చదివేస్తే ఆయన సంతోషంగా ఇంటికి వెళ్ళి పడుకుంటారు. ఇన్ని నెలలు పడ్డ మనిషి, ఇంత పోగొట్టుకున్న మనిషి. ఆయన చెవి నా వైపు పెట్టుకుని కాచుకుని ఉన్నారు. "ఏమైంది?" అన్నారు. "తప్పు పడింది సార్. నేనే చూసుకోలే" అన్నాను. ఉన్నది ఉన్నట్టు చదివాను. ఏది ఎక్కువ పడిందో చెప్పాను. కింద గాజుల దుకాణంలో ఎవరో బేరమాడుతున్నారు. "ఎన్ని కట్టలు వచ్చాయి?" అని అడిగారు సార్. "ఇరవై సార్." "సరే, పెన్ను తెచ్చుకో" అన్నారు.

మూడు రోజులు పట్టింది. ఆయన ఒక్కో పుస్తకం అందిస్తుంటే, నేను ఆ పేజీ తీసి చిన్నారిని కొట్టేసి పక్కన పెడుతూ పోయాను. కొట్టేశావా అని ఆయన ఒక్కసారీ అడగలేదు. మూడో రోజు మధ్యాహ్నం, చివరి కట్ట విప్పుతూ, "ఇక మీదట నువ్వు చదివింది నేను మళ్ళీ ఎవరినీ అడగనమ్మాయ్" అన్నారు. ఆ తరవాత ఆయన బతికిన నాలుగేళ్ళూ వారానికి రెండుసార్లు కొత్తపేట వెళ్ళి ఆయనకు పేపరు, ఉత్తరాలు, డాక్టరు రాసిన చీటీలు చదివి వినిపించాను. కొన్ని చీటీల్లో మంచి మాటలు ఉండేవి కావు. అవి కూడా ఉన్నవి ఉన్నట్టే చదివాను. ఆయన తలూపేవారు, అంతే. నన్ను అంతగా నమ్మిన మనిషి మళ్ళీ దొరకలేదు. ఇప్పుడు నేను బడిలో తెలుగు చెబుతున్నాను. తెలియనిది ఏ పిల్లయినా అడిగితే తెలియదు అంటాను. అంటున్నప్పుడు ఆయన పక్కన కూర్చుని వింటున్నట్టే ఉంటుంది నాకు.